అరిగిన కీలుకు అచ్చువేసిన పరంజా

మాంసం దుకాణంలో మేక కాలి ఎముకను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఎముక చివర తెల్లగా, నున్నగా మెరిసే పొర ఒకటి ఉంటుంది. వేలితో రాస్తే జారిపోతుంది. అదే మృదులాస్థి. మన మోకాలిలోనూ ఇది ఉంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. అయినా మెట్లు దిగేటప్పుడు మోకాలిపై పడే బలం శరీరం బరువుకు మూడు రెట్లు దాటుతుంది. దాన్నంతా ఓర్చుకునేది ఈ పొరే.

ఇంత ఓర్పుగల పొరకు ఒక లోపం ఉంది. ఎముక విరిగితే కట్టు కడతారు, కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. మృదులాస్థి దెబ్బతింటే మాత్రం తిరిగి మామూలుగా పెరగదు. ఈ సంగతి విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1743లోనే రాశాడు. కారణమేమిటి? ఎముకలో రక్తనాళాలున్నాయి. మరమ్మతుకు కావలసిన సరంజామా అంతా వాటిద్వారా చేరుతుంది. కీలు మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కణాలు కూడా బహు తక్కువ.

దెబ్బ కింది ఎముకదాకా దిగితే చిక్కు రెట్టింపవుతుంది. పైన నీరు నిండిన మెత్తని పొర కావాలి, కింద గట్టి ఎముక కావాలి. రెండూ విడిపోకుండా కలిసి ఉండాలి.

తాపీమేస్త్రి గోడ లేపడానికి ముందు పరంజా కడతాడు కదా! కణాలకూ అలాంటి పరంజా కడితే? 2002లో అమెరికాలో షెర్‌వుడ్ బృందం ఈ పని చేసి చూపింది. ఎలాగంటారా? అట్టమీద జిగురుతో బొమ్మ గీసి ఇసుక చల్లితే, జిగురున్న చోటే ఇసుక నిలుస్తుంది. వీరి యంత్రం సన్నని పొడిని పలుచగా పరచి, కావలసిన చోట ద్రవం చిమ్ముతుంది. అక్కడి పొడి అతుక్కుంటుంది. దానిపై మరో పొర, మళ్ళీ ద్రవం. ఇలా పొరమీద పొర అచ్చువేస్తే పరంజా తయారవుతుంది.

పై భాగంలో 90 శాతం ఖాళీ రంధ్రాలే. మృదులాస్థి కణాలు చేరేది అక్కడ. కింది భాగంలో 55 శాతమే ఖాళీ. దానిలో ఎముకలోని ఖనిజాన్ని పోలిన ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కలిపారు. మధ్యలో ఒక గుణం నుంచి మరో గుణానికి మెల్లమెల్లగా మారేటట్లు చేశారు. అందువల్ల పొరలు ఊడిపోవు. మిగతా పదార్థం క్రమంగా కరిగిపోయే రకం. అది విడిపోతే వచ్చే వాటిలో లాక్టిక్ ఆమ్లం ఒకటి. పెరుగుకు పులుపునిచ్చేది అదే! పని ముగిశాక ఈ పరంజాను ఎవరూ విప్పనక్కరలేదు.

కణాలు నిజంగానే పై భాగంలో ఎక్కువగా చేరాయి. ఆరు వారాల్లో అక్కడ మృదులాస్థి ఏర్పడింది. అయితే ఇదంతా ప్రయోగశాల పాత్రలో జరిగింది. పాత్రలో ఎవరూ పరుగెత్తరు, మెట్లు దిగరు. కొత్త పొర మోకాలి బరువుకు ఏళ్ళతరబడి నిలవడమే అసలు పరీక్ష.

కనుక ఆటల్లో మోకాలు వాస్తే కుంటుకుంటూ ఆడకండి. మృదులాస్థిలో నరాలు కూడా లేవు. దానికి తగిలిన దెబ్బను అది తనంతట తాను చెప్పుకోలేదు. వైద్యుడికి చూపించండి.