స్ప్రాకెట్ మారిస్తే బండి స్పీడు పెరుగుతుందా? పళ్ళ లెక్క మొత్తం

"అన్నా, ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుందంట, నిజమేనా?" "వెనకది పెద్దది వేస్తే పికప్ వస్తుందంట కదా?" 100 సీసీ, 125 సీసీ బండి ఉన్న ప్రతి కుర్రాడూ ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్‌ని అడిగే ప్రశ్నలే ఇవి. ఈరోజు ఈ రెండింటికీ లెక్కతో సహా జవాబు చెప్పుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. స్ప్రాకెట్ మార్చినంత మాత్రాన ఇంజన్ పవర్ ఒక్క పిసరు కూడా పెరగదు. ఉన్న పవర్‌నే లాగడానికి ఎక్కువ వాడుకోవాలా, పరుగుకి ఎక్కువ వాడుకోవాలా అని మనం ఎంచుకుంటున్నాం, అంతే. ఒకవైపు వచ్చిందంటే ఇంకోవైపు పోయినట్టే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంజన్ పక్కన ఉండేది చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి ఉండేది పెద్ద స్ప్రాకెట్. వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. ఉదాహరణకి ముందు 14, వెనక 42 అనుకుందాం. 42ని 14తో భాగిస్తే 3. అంటే చిన్న స్ప్రాకెట్ మూడుసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. మీ బండికి ఎన్ని పళ్ళో స్ప్రాకెట్ మీదే గుద్ది ఉంటుంది. కనపడకపోతే చాక్‌పీస్‌తో ఒక పన్నుకి గుర్తు పెట్టి లెక్కపెట్టండి.

ముందు 14 తీసి 15 వేస్తే రేషియో 2.80 అవుతుంది, అంటే దాదాపు 7 శాతం తగ్గింది. అదే 13 వేస్తే 3.23, దాదాపు 8 శాతం పెరిగింది. వెనక 42 బదులు 43 వేస్తే మాత్రం 3.07. ఇక్కడ తేడా రెండున్నర శాతం కూడా లేదు. గుర్తుపెట్టుకోండి, ఈ సైజుల్లో ముందు ఒక పన్ను మారిస్తే వెనక మూడు పళ్ళు మార్చినంత పని. అందుకే పెద్ద మార్పు కావాలంటే ముందుది, కొంచెం సరిచూసుకోవాలంటే వెనకది మారుస్తారు.

రోడ్డు మీద దీని అర్థం ఏంటి? టాప్ గేర్‌లో 60 కి.మీ. స్పీడులో మీ ఇంజన్ 5,400 ఆర్‌పీఎం తిరుగుతోందనుకోండి. ముందు 15 వేస్తే అదే స్పీడుకి 5,040 సరిపోతుంది. ఇంజన్ నెమ్మదిగా, చప్పుడు తక్కువగా తిరుగుతుంది, వైబ్రేషన్ తగ్గుతుంది. 13 వేస్తే అదే 60కి దాదాపు 5,800 తిరగాలి. బండి లాగుతుంది, కానీ హైవే మీద అరుస్తూ ఉంటుంది.

మరి ముందు పెద్దది వేస్తే టాప్ స్పీడు పెరగాలి కదా? కాగితం మీద పెరుగుతుంది. రోడ్డు మీద గాలి ఒప్పుకోదు. స్పీడు 10 శాతం పెరగాలంటే, గాలిని చీల్చడానికే సుమారు 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. చిన్న ఇంజన్ అంత పవర్ ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా ఆర్‌పీఎం తగ్గడం వల్ల ఇంజన్ తన గరిష్ఠ పవర్ ఇచ్చే చోటుకి చేరదు. ఎదురుగాలి వీచినా, వెనక ఒకరు కూర్చున్నా టాప్ గేర్‌లో ముక్కుతుంది, మూడో గేర్‌కి దిగాల్సి వస్తుంది. కొన్ని బండ్లకి ముందున్న టాప్ స్పీడు కూడా అందదు.

కాబట్టి ఎవరికి ఏది? మీది పాడేరు ఘాట్, శ్రీశైలం ఘాట్ లాంటి రోడ్డు, లేదా రోజూ పాల క్యాన్లు, గ్యాస్ బండలు వేసుకుని తిరిగే పని అయితే, రేషియో కొంచెం పెంచుకోండి. అంటే వెనక రెండు మూడు పళ్ళు ఎక్కువ, లేదా ముందు ఒకటి తక్కువ. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నెట్టుకుంటూ పోయే బాధ తగ్గుతుంది, క్లచ్ ప్లేట్లు ఎక్కువ రోజులు వస్తాయి. మీరు ఒక్కరే, చదునైన రోడ్డు మీద, ఒకే స్పీడులో రోజూ 40, 50 కి.మీ. పోయేవాళ్ళయితే ముందు ఒక పన్ను పెంచి చూడొచ్చు. సిటీ ట్రాఫిక్‌లోనే ఎక్కువ తిరుగుతారా? కంపెనీ ఇచ్చిందే ఉంచుకోండి, రోజువారీ వాడకం చూసే వాళ్ళు ఆ రేషియో పెడతారు.

మైలేజ్ గురించి చాలామంది మోసపోయే పాయింట్ ఒకటుంది. మీ మీటర్‌కి స్పీడు ఎక్కడి నుంచి అందుతోందో చూడండి. కేబుల్ గానీ సెన్సర్ వైరు గానీ ముందు చక్రం నుంచి వస్తే స్ప్రాకెట్‌తో దానికి సంబంధం లేదు. గేర్‌బాక్స్ దగ్గరి సెన్సర్ నుంచి వస్తే మాత్రం మీటర్ తప్పు చూపిస్తుంది. ముందు 13 వేసిన బండి నిజంగా 100 కి.మీ. పోతే, మీటర్ దాదాపు 108 చూపిస్తుంది. అసలు మైలేజ్ 60 అయితే మీకు 64, 65 వచ్చినట్టు కనిపిస్తుంది. 15 వేస్తే ఇంకా ప్రమాదం. మీటర్‌లో 60 కనిపిస్తుంటే బండి 64 మీద పోతుంటుంది. అందుకే స్ప్రాకెట్ మార్చాక ఫోన్‌లో జీపీఎస్ స్పీడుతో ఒకసారి పోల్చుకోండి. ఫోన్ చేత్తో పట్టుకుని కాదు, వెనక కూర్చున్నవాళ్ళని చూడమనండి.

ఇక బిగించే పని. కొనేముందు చైన్ నంబర్ చూడండి. చిన్న బండ్లకి ఎక్కువగా 420 లేదా 428 ఉంటుంది. రెండింటికీ పిచ్ ఒకటే, 12.7 మిల్లీమీటర్లు, కానీ వెడల్పు వేరు. 428 చైన్‌కి 428 స్ప్రాకెట్టే వేయాలి. పాత, సాగిపోయిన చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయకండి, ఆ చైన్ కొత్త పళ్ళని కూడా తినేస్తుంది. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్ మార్చాల్సిన రోజు వచ్చినప్పుడే ఈ ప్రయోగం చేస్తే డబ్బు కూడా కలిసొస్తుంది.

విప్పేటప్పుడు చైన్ ఇంకా బిగించి ఉండగానే, గేర్‌లో పెట్టి, వెనక బ్రేక్ ఒకరు నొక్కి పట్టుకుంటే ముందు స్ప్రాకెట్ బోల్టులు తేలిగ్గా వదులవుతాయి. ముందు ఒక పన్ను పెంచితే అదే చైన్‌తో వెనక చక్రం సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. వెనక మూడు పళ్ళు పెంచితే దాదాపు 10 మిల్లీమీటర్లు. అడ్జస్టర్‌లో అంత చోటు లేకపోతే పొడుగు చైన్ కావాలి. ముందు పెద్దది వేసినప్పుడు కవర్‌కి చైన్ తగులుతుందేమో, చిన్నది వేసినప్పుడు స్వింగ్ ఆర్మ్‌కి రాసుకుంటుందేమో చేత్తో తిప్పి చూడండి. చైన్ లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ తిరిగే దిక్కుకి ఉండాలి. లూజు ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం మొత్తం తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోట కొలవండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం అస్సలు మర్చిపోవద్దు. వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న బండికి చక్రం ముందుకి జరిగితే బ్రేక్ రాడ్ లూజవుతుంది. పెడల్ చాలా కిందికి నొక్కితే గానీ బ్రేక్ పడదు. స్ప్రాకెట్ మార్చిన ఆనందంలో ఘాట్ దిగుతుంటే అప్పుడు తెలుస్తుంది, కానీ అప్పటికే ఆలస్యం. యాక్సిల్ నట్ బిగించగానే బ్రేక్ అడ్జస్ట్ చేయండి. చక్రం ఫ్రీగా తిరుగుతోందా, బ్రేక్ లైట్ సరైన టైమ్‌కి వెలుగుతోందా చూడండి. మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, నట్లు మళ్ళీ ఒకసారి చెక్ చేయండి.

చివరిగా, తీసిన పాత స్ప్రాకెట్ బాగుంటే పారేయకండి. కొత్తదాంతో రెండు ఫుల్ ట్యాంకులు నడిపి చూడండి. నచ్చకపోతే పాతది వేసుకోవచ్చు. వారంటీలో ఉన్న బండి అయితే విప్పేముందు షోరూంలో ఒక మాట అడగండి. ముందు మీ రోడ్డు ఏంటో, మీ బరువు ఏంటో చూసుకోండి, ఆ తర్వాతే పళ్ళు లెక్కపెట్టండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!