మసి మాటున మంట

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఓ రకం పనివాళ్లకి క్షణం తీరిక ఉండదు. ఒకటే ఫోన్లు. 'వచ్చే వారం రాగలరా?', 'చలి ముదరకముందే ఓసారి చూసి వెళ్లండి'... చెప్పిన టైముకి వచ్చినతను హాల్లో ఫైర్‌ప్లేస్ ముందు కార్పెట్ మీద పెద్ద గుడ్డ పరుస్తాడు. ఫైర్‌ప్లేస్ నోటికి అడ్డంగా ప్లాస్టిక్ షీటు అంటిస్తాడు. పక్కనే ఓ పెద్ద వాక్యూమ్ క్లీనర్ పెడతాడు. సంచిలోంచి ఒకదానికొకటి బిగించుకునే కడ్డీలు తీసి, మొదటిదానికి గుండ్రటి బ్రష్షు తగిలించి పైకి తోస్తాడు. కడ్డీకి కడ్డీ కలుపుతూ ఇంటి కప్పు దాటేదాకా. గంట సేపు గరగర చప్పుడు. చివరికి కింద రాలిన నల్లటి పొట్టునంతా బకెట్లోకి ఎత్తి చూపిస్తే ఇంటివాళ్లు నోరెళ్లబెడతారు.

ఇతనే చిమ్నీ స్వీప్. పొగగొట్టాలు దులిపేవాడన్నమాట.

మన హైదరాబాద్ అపార్టుమెంట్లలో చిమ్నీ అంటే వేరు. పోపు ఘాటునీ నూనె జిడ్డునీ లాగేసే స్టీలు పెట్టె అది. చలిదేశాల్లో చిమ్నీ అంటే ఇంటిని వెచ్చగా ఉంచే కట్టెల మంటకి ఊపిరితిత్తి లాంటిది. హాల్లో గోడలోనే కట్టిన పొయ్యి, దాని మీంచి ఇంటి కప్పు దాటి పైకెళ్లే ఇటుకల గొట్టం. ఆ మాటకొస్తే మసి దులపడం మనకీ కొత్తేం కాదు. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో పండగొస్తోందంటే పొడవాటి కర్రకి చీపురు కట్టి, తలకి గుడ్డ చుట్టుకుని, వంటింటి దూలాలకి వేలాడే మసినంతా దులిపేవాళ్లు. కాకపోతే మన మసి కళ్లెదుట ఉండేది. అక్కడది గోడ లోపల, ఎవరికీ కనపడని చోట పేరుకుంటుంది. చిక్కంతా అదే.

పొగలోంచి నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదంటాం. చిమ్నీ విషయంలో అది తిరగబడుతుంది. అక్కడ పొగే మళ్లీ నిప్పవుతుంది.

కట్టె పూర్తిగా కాలితే పొగ పెద్దగా ఉండదు. అరకొరగా కాలినప్పుడే తారు ఆవిర్లు, నీటి ఆవిరి, మసి రేణువులు కలిసి పైకి లేస్తాయి. పైకి పోయేకొద్దీ గొట్టం చల్లగా ఉంటుంది. పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకి పడిపోతే ఆ ఆవిర్లు గోడలకి అంటుకుని గడ్డకడతాయి. దాన్నే క్రియోసోట్ అంటారు. మొదట్లో అది మెత్తటి మసే. బ్రష్షు తగిలితే రాలిపోతుంది. పట్టించుకోకపోతే గట్టి పెళుసు పెచ్చులవుతుంది. ఇంకా వదిలేస్తే గోడకి తారు పోసినట్టు నున్నగా, నల్లగా, మెరుస్తూ అతుక్కుపోతుంది. ఈ మూడో దశకి వచ్చిందంటే మామూలు బ్రష్షుకి లొంగదు. మందు చల్లి పెళుసెక్కించాలి, లేదంటే తిరిగే గొలుసుల యంత్రంతో కొట్టాలి. అదీ కుదరకపోతే లోపలి పొరనే మార్చాలి.

3 మిల్లీమీటర్ల మందం పేరుకుంటే చాలు, దులిపించక తప్పదంటారు ఈ రంగంలోవాళ్లు. అంత పల్చటి పొరకే అంత భయమెందుకంటే- అది అచ్చంగా ఇంధనం. ఓ రోజు మంట కాస్త పెద్దదై ఓ నిప్పురవ్వ పైకెగిరితే గొట్టమే కొలిమి అయిపోతుంది. లోపల వేడి 1,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నవాళ్లు వర్ణించేది దాదాపు ఒకేలా ఉంటుంది: గోడలోంచి రైలు పోతున్నట్టు గుయ్యిమని మోత.

ఇలా హోరెత్తి కాలేది ఒక రకం. చప్పుడు చేయకుండా కాలేది ఇంకో రకం. గాలి సరిగ్గా అందక లోపల్లోపలే నెమ్మదిగా రగిలి ఆరిపోతుంది. ఇంటివాళ్లకి ఆ సంగతే తెలియదు. అయితే ఆ వేడికి గొట్టం లోపలి మట్టి పలకలు బీటలిస్తాయి. ఈసారి మంట రాజుకుంటే ఆ బీటల్లోంచి వేడి గోడ వెనకున్న చెక్క చట్రాన్ని తాకుతుంది. అమెరికాలో ఇళ్లు చాలావరకు చెక్క చట్రం మీద కట్టినవేనని వేరే చెప్పక్కర్లేదు.

ఇంత గొడవకీ సగం కారణం పచ్చికట్టె. ఊళ్లో పచ్చికట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రజేసుకున్న ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది, అది మండదు, పొగలే వస్తాయని. అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. మంట వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. కట్టెని చీల్చి, పేర్చి, వాన తగలకుండా కనీసం ఆరు నెలలు... వీలైతే ఏడాది ఆరబెట్టాలి. తేమ 20 శాతం లోపు ఉండాలి. రెండో కారణం మనిషి ఆశ. రాత్రంతా మంట ఆరకూడదని, కట్టె కలిసి రావాలని, గాలి దారి మూసేసి పడుకుంటారు. పొద్దున్నకి కట్టె మిగులుతుంది. దాంతోపాటే గొట్టంలో క్రియోసోట్ కూడా.

నిప్పంటుకోకపోయినా ప్రమాదం లేదనుకోవడానికి లేదు. గొట్టానికి పక్షిగూడో, కూలిన ఇటుకో అడ్డుపడితే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది. రంగూ వాసనా ఉండదు. తలనొప్పిగా ఉందని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. అందుకే ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా దాన్ని పసిగట్టే అలారం ఉండాలంటారు.

బ్రష్షు రాకముందు

ఇప్పుడు కడ్డీ, బ్రష్షు, చిన్న కెమెరా కలిసి చేస్తున్న ఈ పనిని ఒకప్పుడు ఇంగ్లండులో చేసింది పిల్లలు.

1666లో లండన్ తగలబడ్డాక ఊరిని ఇటుకలతో కట్టుకున్నారు. కట్టెల స్థానంలో బొగ్గు వచ్చింది. గొట్టాలు సన్నబడ్డాయి. 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు... కొన్నయితే నాలుగు వైపులా 9 అంగుళాలే. పైగా మలుపులు. అందులో పెద్దవాళ్లు పట్టరు. అనాథలనీ, నిరుపేదల బిడ్డలనీ 'పని నేర్పుతాం' అని తీసుకెళ్లేవాళ్లు. ఐదారేళ్ల పిల్లలు కూడా మోచేతులు, మోకాళ్లు గోడకి ఆనించి పురుగులా పైకి పాకాలి. తోలు ఊడి నెత్తురు కారితే మంట దగ్గర నిలబెట్టి ఉప్పునీళ్లతో రుద్దేవాళ్లట, చర్మం గట్టిపడాలని! బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆ యజమానులే చెప్పిన మాటలివి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నవాడు కిందికీ రాలేడు, పైకీ పోలేడు. మసి మీద పడి ఊపిరాడక అక్కడే పోయినవాళ్లున్నారు. దులిపిన మసిని రైతులకి ఎరువుగా అమ్మేవాళ్లు. రాత్రి ఆ మసి బస్తాలే పిల్లలకి పరుపూ దుప్పటీ.

బతికి బయటపడ్డవాళ్లని ఇంకో జబ్బు పట్టింది. వృషణాల తిత్తి మీద పుండు. మసి పులిపిరి అనేవాళ్లు వాళ్లలో వాళ్లు. డాక్టర్లేమో సుఖరోగం అనుకుని మందులిచ్చేవాళ్లు. లండన్‌లోని సెయింట్ బార్తలమ్యూ ఆసుపత్రి సర్జన్ పెర్సివల్ పాట్ 1775లో అసలు సంగతి రాశాడు: ఇది క్యాన్సర్, దీనికి మూలం చర్మం ముడతల్లో చేరిన మసి అని. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యశాస్త్రం గుర్తించడం అదే మొదలు. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక నుంచి ఆస్బెస్టాస్ నిషేధం దాకా అన్నిటి వెనకా ఆ చిమ్నీ పిల్లల ఒంటి మీది పుండు ఉంది.

మరి యంత్రం లేదా అంటే, ఉంది. జార్జ్ స్మార్ట్ అనే ఆయన 1803లోనే కడ్డీలతో పనిచేసే బ్రష్షు తయారుచేశాడు. పావు శతాబ్దం తర్వాత జోసెఫ్ గ్లాస్ దాన్ని మెరుగుపరిచాడు. ఇప్పటి స్వీప్ సంచిలో ఉన్నది దాదాపు అదే. అయినా పెద్దింటివాళ్లు ఒప్పుకోలేదు. వంకర గొట్టాల్లో యంత్రం పోదు, గోడలు మార్పించాలంటే ఖర్చు, పిల్లవాడైతే మూలమూలలా దులుపుతాడు... ఇవీ వాదనలు. 1819లో వచ్చిన బిల్లుని ప్రభువుల సభ తోసిపుచ్చింది. చట్టాలు రాలేదని కాదు. 1788, 1834, 1840, 1864... వరసగా వచ్చాయి. 1840 చట్టమైతే ఇరవై ఒక్కేళ్ల లోపు వాళ్లని గొట్టం ఎక్కించకూడదంది. అమలు చేసే నాథుడు లేడు. డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్'లో ఆలివర్‌ని తీసుకుపోవడానికి బేరమాడే గామ్‌ఫీల్డ్ గుర్తున్నాడా? ఆ నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్న ఇళ్లలోనూ పిల్లలే చిమ్నీలెక్కారు.

1875 ఫిబ్రవరిలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ల కుర్రాణ్ని అతని యజమాని కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి చిమ్నీలోకి ఎక్కించాడు. ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు గానీ ప్రాణం నిలవలేదు. యజమానికి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. ఏళ్ల తరబడి పోరాడుతున్న షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఈ చావుని ముందుపెట్టి అదే ఏడాది కొత్త చట్టం తెచ్చాడు. ఈసారి కిటుకు లైసెన్సులో ఉంది. పోలీసుల దగ్గర ఏటా అనుమతి తీసుకోనిదే ఎవరూ ఈ పని చేయకూడదు. తప్పుచేస్తే పొట్టకూడు పోతుంది. దాంతో దారికొచ్చారు. పాట్ హెచ్చరించిన సరిగ్గా వందేళ్లకి! జార్జ్ పేరుతో ఆ ఆసుపత్రి పాత భవనానికి నీలం ఫలకం పెట్టింది 2025లో.

అదృష్టం తెచ్చేవాడు

విచిత్రమేంటంటే, ఇంత విషాదం మోసిన మనిషే యూరప్‌లో శుభశకునం. ఎదురొస్తే మంచిదంటారు. బ్రిటన్‌లో పెళ్లికూతురికి స్వీప్ కనబడితే కాపురం చల్లగా ఉంటుందని నమ్మకం. జర్మనీలో కొత్త సంవత్సరానికి ఇచ్చుకునే కానుకల మీద నల్ల కోటు, నిచ్చెన ఉన్న స్వీప్ బొమ్మ ఉంటుంది. అతని కోటు గుండీ ముట్టుకుంటే అదృష్టమట. ఇంటికి నిప్పు ముప్పు తప్పించేవాడు శుభం కాక మరేమిటి!

అన్నట్టు జర్మనీలో ఈ పనివాడు సగం సర్కారు మనిషి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో స్వీప్. 2013 దాకా అతన్ని తప్ప వేరేవాళ్లని పిలిచే వీల్లేదు. ఇప్పుడు దులపడానికి ఎవర్నైనా పెట్టుకోవచ్చు. కానీ ఏడేళ్లలో రెండుసార్లు ఇంట్లోని పొయ్యిలూ గొట్టాలూ తనిఖీ చేసే అధికారం మాత్రం ఆ ప్రాంతపు స్వీప్‌దే. తలుపు తీయననడానికి లేదు.

కొత్త ఇల్లు, పాత గొట్టం

అమెరికాలో అంత కట్టడి లేదు. అక్కడి అగ్నిమాపక ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ మాత్రం చిమ్నీలన్నిటినీ ఏడాదికోసారి తనిఖీ చేయించాలంటుంది. వాడినా వాడకపోయినా. ఇల్లు చేతులు మారినప్పుడు పై పై చూపు చాలదు, లోపలి పొరని కూడా పూర్తిగా చూడాలి. సాధారణంగా కెమెరా దించే చూస్తారు. అక్కడ ఇల్లు కొనుక్కునే మన తెలుగు కుటుంబాలు గమనించాల్సింది ఇక్కడే. కొనేముందు ఇంటిని పరీక్షించే ఇన్‌స్పెక్టరు కప్పు నుంచి కుళాయి దాకా రాస్తాడు. గొట్టం లోపలికి మాత్రం అతను సాధారణంగా పోడు. ఫైర్‌ప్లేస్ తెలియని దేశం నుంచి వెళ్లినవాళ్లకి అడగాలని తోచదు. పాతవాళ్లు పదేళ్లు కాల్చిన కట్టెల మసి మీద మొదటి చలికాలం సరదాగా మంటేస్తారు.

'మాది గ్యాసు ఫైర్‌ప్లేస్, స్విచ్చేస్తే వెలుగుతుంది' అనే ధీమా కూడా పనికిరాదు. గ్యాసుకి మసి తక్కువే. కానీ గొట్టం మూసుకుపోతే విషవాయువుకి కట్టెా గ్యాసా అన్న తేడా ఉండదు.

చిమ్నీకి నిప్పుకన్నా ఎక్కువగా చేటు చేసేది నీళ్లంటారు స్వీప్‌లు. ఇటుకల సందుల్లోకి దిగిన వాన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. నాలుగు చలికాలాలకి ఇటుక పొట్టు రాలుతుంది. పైన ఓ లోహపు టోపీ ఉంటే వానా పక్షులూ రెండూ ఆగుతాయి. దాని ఖర్చు తక్కువ. అది లేక కూలిన గొట్టాన్ని మళ్లీ కట్టించడానికి అయ్యేది చాలా ఎక్కువ.

బూడిదతోనూ జాగ్రత్త. పైకి చల్లారినట్టుంటుంది, అడుగున నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. మూతున్న ఇనప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టాలే తప్ప అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పోసి గ్యారేజీలో పెట్టకూడదు.

స్వీప్‌ని ఎంచుకోవడంలోనూ మెలకువ కావాలి. మరీ చవక రేటు చూపించి ఇంట్లో అడుగుపెట్టి, ఎవరిదో చిమ్నీ ఫొటో చూపించి 'మీది కూలిపోయేలా ఉంది' అని వేల డాలర్లు గుంజే రకం కూడా తిరుగుతోంది. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ఇచ్చే సర్టిఫికెట్ ఉందో లేదో చూడటం, పెద్ద రిపేరు అంటే ఇంకొకరినీ అడగడం మంచిది.

కొన్నిసార్లు మాత్రం స్వీప్ ఏమీ దులపకుండానే సంచి సర్దుకుంటాడు. చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పిట్ట దక్షిణ అమెరికా నుంచి వసంతంలో ఎగిరొచ్చి, పుల్లల్ని తన ఉమ్మితో అతికించి గొట్టం లోపలి గోడకి గూడు కడుతుంది. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న ఆ గూటిని కదపకూడదు. గూట్లోంచి కిచకిచలు వినిపిస్తే ఇంటివాళ్లు డ్యాంపర్ మూసి, మంట వేయకుండా వేసవంతా ఆగాల్సిందే. పిల్లలకి రెక్కలొచ్చి గూడు ఖాళీ అయ్యాకే స్వీప్ మళ్లీ వచ్చి బ్రష్షు పైకి తోస్తాడు.