బాయిలో గాలికి కరెంటు పొదుపు ఎంతవరకు?

బెల్లంపల్లి: ఎండాకాలం వచ్చిందంటే పట్టణంలో కూలర్లు, ఉన్నవారి ఇళ్లలో ఏసీలు మోగుతాయి. గది చల్లబడగానే ఏసీ యంత్రం దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆ మేరకు కరెంటు ఆదా. అయితే ఈ బొగ్గు గనుల ప్రాంతంలో ఏసీలకంటే ఎంతో ముందునుంచీ రాత్రింబగళ్లు తిరుగుతున్న గాలి యంత్రం వేరే ఉంది. అది బాయిపై ఉండే పెద్ద ఫ్యాను.

శాంతిఖని వంటి భూగర్భ గనిలో దిగే కార్మికునికి ఆ ఫ్యానే ఊపిరి. ఒక దారిన మంచిగాలి లోపలికి దిగి, బొగ్గు తీసే ఫేసుల మీదుగా తిరిగి, గ్యాసును, దుమ్మును, వేడిని మోసుకొని ఇంకొక దారిన పైకి వస్తుంది. మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలికి తక్కువ కాకూడదని బొగ్గు గనుల నిబంధన. తడిగుడ్డ చుట్టిన ధర్మామీటరు 33.5 డిగ్రీలు దాటరాదు. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచాలి.

మరి ఇందులో పొదుపెక్కడ? ఫ్యానును గని ముందు ముందు విస్తరిస్తుందన్న లెక్కతో పెద్దదిగా పెడతారు. మొదటి ఏళ్లలో అంత గాలి అవసరముండదు. ఫేసులు తగ్గిపోయిన పాత బాయిలోనూ అంతే. కొన్నిచోట్ల తలుపు అడ్డం దించి గాలి తగ్గిస్తారు. అది ఒక కాలు ఆక్సిలేటరు మీద, ఒక కాలు బ్రేకు మీద పెట్టి లారీ నడిపినట్టే. దానికి బదులు మోటారు వేగాన్నే తగ్గించే పరికరం పెడితే లాభం చాలా ఎక్కువ. వేగం నూటికి 20 వంతులు తగ్గితే, ఫ్యాను తీసుకొనే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది.

ఇంకొక మేలు కూడా ఉంది. గాలి ఒత్తిడి మరీ ఎక్కువైతే మూసేసిన పాత పనిస్థలాల్లోకి సందుల గుండా గాలి దూరుతుంది. అక్కడ మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకొనే ప్రమాదముంది.

అయితే ఇది ఇంట్లో ఏసీ కాదు. గది కొంచెం ఉక్కపోస్తే కిటికీ తీసుకోవచ్చు, బాయిలో ఆ వీలు లేదు. మీథేను 1.25 శాతం మించితే అక్కడ కరెంటు తీసివేయవలసిందే. వెనుక సర్దారు సేఫ్టీ దీపం వత్తి తగ్గించి, మంటపై నీలిరంగు టోపీ కనిపిస్తుందా అని చూసి గ్యాసు పట్టేవాడు. ఇప్పుడు మీథేను, కార్బన్ మోనాక్సైడు, గాలి వేగం కనిపెట్టే పరికరాలు క్షణక్షణం పైన కంట్రోలు రూముకు అంకెలు పంపగలవు. అవి సరిగా పనిచేస్తున్నచోటనే ఫ్యాను వేగం తగ్గించే మాట ఎత్తాలి. గాలి కనీసపు హద్దు కిందికి పోకుండా యంత్రానికే కట్టడి ఉండాలి. పరికరం చెడితే ఫ్యాను పూర్తి వేగానికి రావాలే తప్ప ఆగకూడదు.

అసలు దండుగ చాలావరకు లీకుల్లోనే పోతుంది. గాలి తలుపు తీసి రాయి అడ్డం పెట్టి పోతే, మంచిగాలి ఫేసుకు చేరకుండానే దగ్గరి దారిన ఫ్యాను వైపు మళ్లుతుంది. కంట్రోలు రూములో అంకె తగ్గినట్టు కనిపించినా ఆ తలుపు వేయవలసింది మనిషే. తలుపులు, అడ్డుగోడలు ముందు బాగుచేయించి, ఆ తరువాత ఫ్యాను వేగం సంగతి చూడడం మేలు.