గాలి పెంచే ముందు ఇంజను సంగతి

హైదరాబాద్‌లో నాచారానికి ఆనుకుని ఉన్న మౌలాలిలో దక్షిణ మధ్య రైల్వే డీజిల్ లోకో షెడ్డు ఉంది. అక్కడ ఏళ్ల తరబడి సంరక్షణ పొందిన రైలింజన్లలో ఆల్కో రకానివి ముఖ్యమైనవి. ఆ కుటుంబంలోని డబ్ల్యూడీఎం-2 పదహారు సిలిండర్ల టర్బో డీజిల్; దాని శక్తి 2600 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన డబ్ల్యూడీఎం-3ఏలోనూ సిలిండర్లు అవే పదహారు, కానీ శక్తి 3100కి చేరింది. పెరిగింది అయిదోవంతు కన్నా కాస్త తక్కువే. ఆ మాత్రానికి కూడా రైల్వే ఇంజనీర్లు మెరుగైన టర్బో ఒక్కటి తెచ్చి బిగించి ఊరుకోలేదు. ఉక్కు టోపీ ఉన్న పిస్టన్లు వేశారు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే కూలర్‌ను పెద్దది చేశారు. ఇంధన పంపు ప్లంజరును 17 మిల్లీమీటర్లకు పెంచారు, క్యామ్‌షాఫ్ట్ మార్చారు. ఉన్న ఇంజనులోకి మరింత గాలి పంపాలంటే ఇంకా ఏమేం కదిలించాలో తెలుసుకోవడానికి ఉప్పల్ వాసులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

కారుకు టర్బో పెట్టించాలనుకునేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది కిట్టు ఎంతకు వస్తుంది, ఎన్ని పీఎస్ఐ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇస్తుంది అని. ప్రశ్నల వరస దీనికి తలకిందులుగా ఉండాలని నా వాదన. ఇంజను ఏ రకం, దాని ఆరోగ్యం ఎలా ఉంది, లోపల అన్నిటికన్నా బలహీనమైన భాగం ఏది, అది ఎంత వేడికి ఓర్చుకుంటుంది అన్నవి ముందు తేలాలి. బూస్ట్ ఎంత పెట్టవచ్చో ఆ జవాబుల్లోనే ఉంటుంది. మామూలు ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలిని పీల్చుకుంటుంది, అంతే. టర్బో అయితే ఎగ్జాస్ట్ వాయువుల బలంతో తిరిగి గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. సూపర్‌చార్జర్ అదే పనిని ఇంజను నుంచి బెల్టు ద్వారా శక్తి తీసుకుని చేస్తుంది. ఏది పెట్టినా గాలిని ఒత్తితే అది వేడెక్కుతుంది. అసలు చిక్కంతా ఆ వేడితోనే.

హైదరాబాద్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లు. 500 మీటర్లకు పైన ఉన్న మన నగరంలో సుమారు 950. ఇక్కడ 7 పీఎస్ఐ బూస్ట్ పెడితే పీడనం ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి గాలి కూడా యాభై శాతం ఎక్కువ వెళ్తుందని కిట్టు అమ్మేవాళ్లు చెప్పవచ్చు. కానీ మే నెల మధ్యాహ్నం బయటి గాలే 40 డిగ్రీలు. 70 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ దాన్ని ఒత్తేసరికి వేడి 95 డిగ్రీల దాకా పోతుంది. వేడి గాలి పలచన కనుక, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకపోతే నిజంగా సిలిండరులోకి చేరే అదనపు గాలి 30 శాతం కూడా ఉండదు. ఆ గాలిని 55 డిగ్రీలకు దించగలిగితే లాభం 40 శాతానికి చేరుతుంది. ఇంటర్‌కూలర్‌ను తర్వాత ఎప్పుడో పెట్టుకునే అలంకారంగా చూసేవాళ్లు ఈ తేడాను గమనించాలి. అది శక్తి కోసమే కాదు, ఇంజను ప్రాణం కోసం కూడా.

ఎందుకంటే పెట్రోలు ఇంజనుకు అసలు గండం నాకింగ్. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండరంతా పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలుతుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద, రింగుల మధ్య ఉండే సన్నటి అంచుల మీద పడుతుంది. ఇంజను కంప్రెషన్ నిష్పత్తి ఎంత ఎక్కువైతే ఈ ముప్పు అంత దగ్గర. మారుతి ఫ్రాంక్స్‌లోని రెండు పెట్రోలు ఇంజన్లు చూస్తే ఇది తేటపడుతుంది. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజను నిష్పత్తి 12:1, శక్తి 90 పీఎస్, టార్క్ 113 న్యూటన్ మీటర్లు. బూస్టర్‌జెట్ 1.0 లీటరు టర్బో నిష్పత్తి 10:1, శక్తి 100 పీఎస్, టార్క్ 147.6. కంపెనీ తన 1.2 ఇంజనుకే టర్బో తగిలించి అమ్మలేదు. వేరే ఇంజనునే పెట్టింది, అందులో కంప్రెషన్ తగ్గించింది, పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మేలా చేసింది. తన ఇంజన్ల గుట్టంతా తెలిసిన తయారీదారే 12:1 ఇంజనును వదిలి ఈ దారి పట్టినప్పుడు, బయట షెడ్డులో ఆ 1.2కే టర్బో బిగిస్తామనే మాటను చాలా అనుమానంగా చూడాల్సి ఉంటుంది. ఎంచుకునే అవకాశం ఉంటే తక్కువ కంప్రెషన్, గట్టి బ్లాకు, బజారులో బలమైన పిస్టన్లూ కనెక్టింగ్ రాడ్లూ దొరికే ఇంజను మేలు.

నాలుగైదు పీఎస్ఐ మాత్రమే పెడితే లోపల ఏమీ ముట్టుకోనక్కర్లేదు కదా అని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజముంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఆ మాత్రం సగటు ఒత్తిడిని తట్టుకోవచ్చు. అయితే ఇంజన్లు పగిలేది సగటుతో కాదు, బాగా బరువు మీద ఉన్న క్షణంలో మిశ్రమం పలచబడితే వచ్చే నాకింగ్‌తో. ఇంజనును నడిపించే కంపెనీ కంప్యూటరుకు (ఈసీయూకు) వాతావరణాన్ని మించిన పీడనం వస్తుందన్న ఊహే ఉండదు. ఇంజెక్టర్లు, పంపు కూడా ఆ మేరకే ఉంటాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు కిలోకు దాదాపు 14.7 కిలోల గాలి సరిపోతే, ఈ20కి సుమారు 13.5 చాలు, అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. ఇథనాల్ నాకింగ్‌ను అడ్డుకుంటుందన్నది నిజమే, కానీ కావలసినంత ఇంధనం చేరినప్పుడే ఆ మేలు దక్కుతుంది. తక్కువ బూస్ట్ అయినా సరే ట్యూనింగ్ తప్పదు.

సూపర్‌చార్జర్‌కు ఎగ్జాస్ట్ వేడి తగలదు, స్పందన వెంటనే వస్తుంది, అది సులువు కదా అని ఇంకో వాదన. పికప్ విషయంలో ఒప్పుకోవాలి. కానీ అది తీసుకునే శక్తి క్రాంక్‌షాఫ్ట్ నుంచే కాబట్టి, చక్రాలకు చేరే శక్తి అంతే కావాలంటే సిలిండర్లలో ఇంకా ఎక్కువ ఇంధనం కాలాలి. పిస్టన్ల మీద భారం తగ్గదు. డీజిల్ కార్ల సంగతి కొంత వేరు: పెట్రోలు తరహా నాకింగ్ హద్దు వాటికి లేదు, ఎగ్జాస్ట్ వేడీ పొగా హద్దులవుతాయి.

చట్టాన్ని కూడా పక్కన పెట్టలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్సీకీ పొంతన లేకుండా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు కలిగింది. అందుకే ఉప్పల్ నుంచి నారపల్లి దాకా రోజూ తిరిగే కారుకు నా సలహా ఒక్కటే: టర్బో కావాలంటే కంపెనీ టర్బోతో వచ్చిన కారే కొనండి. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి ట్రాక్ మీదో నడిపే పోటీ కారుకే కింద చెప్పే పని.

మొదటి ఖర్చు పరీక్షల మీద పెట్టాలి. అన్ని సిలిండర్ల కంప్రెషన్, తర్వాత సిలిండరు నుంచి గాలి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష. ఒక్క సిలిండరు వెనకబడినా, ఇంజను ఆయిల్ తాగుతున్నా ముందు దాన్ని బాగుచేయాలి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేత్, గ్రైండింగ్ పనులు చేసే యూనిట్లకు కొదవలేదు; కొలత కచ్చితంగా చెబితే పని కచ్చితంగా చేస్తారు. ఆ కొలతల్లో ఎక్కువమంది మరిచేది రింగు గ్యాప్. రీబోర్ చేసినప్పుడు మామూలు ఇంజనుకు పెట్టే గ్యాపే పెడితే, బూస్ట్ వేడికి రింగు సాగి రెండు కొసలూ ఒకదానికొకటి గుద్దుకుంటాయి. రింగు బిగుసుకుని పిస్టన్ అంచును విరిచేస్తుంది. గ్యాప్ ఎక్కువ ఉంచాలి, ఎంత అన్నది పిస్టన్ తయారీదారు పట్టికలోనే ఉంటుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్లు మామూలు వాటికన్నా ఎక్కువ వ్యాకోచిస్తాయి కనుక బోరులో ఖాళీ కూడా వాటికి తగ్గట్టే ఉండాలి. హెడ్డు, బ్లాకు ముఖాలు చదునుగా గ్రైండ్ చేయించి, పొరల ఉక్కు గ్యాస్కెట్ వేయాలి. టర్బోకు ఆయిల్ తీసుకెళ్లే గొట్టం కన్నా, వాడిన ఆయిల్ కిందికి జారే గొట్టం లావుగా, వంపులు లేకుండా ఉండటం ముఖ్యం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఇరుసు దగ్గర ఆయిల్ నిలిచిపోతే సీలు దాటి పొగగా బయటికొస్తుంది.

ఇవన్నీ అయ్యాక ఇంజెక్టర్లు, పంపు, చల్లటి రకం ప్లగ్గులు, రేడియేటర్, క్లచ్, బ్రేకులు. ఆ పైన, శక్తిని కొలిచే డైనో మీద ట్యూనింగ్. గాలి, ఇంధనాల నిష్పత్తిని వైడ్‌బ్యాండ్ సెన్సరుతో చూస్తూ, నాకింగ్ వింటూ, బూస్ట్‌ను కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల చలిలో సరిపోయిన ఇగ్నిషన్ టైమింగ్‌ను ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం ఇంకోసారి డైనో మీద సరిచూసి, అవసరమైతే రెండు మూడు డిగ్రీలు వెనక్కి తగ్గించాకే ఆ కారును ట్రాక్ మీదికి తీసుకెళ్లాలి.