మెప్పు కాదు, పనిచోటు కావాలి

డబ్లిన్‌లో ఉంటున్నామంటే ఇండియాలో చుట్టాలు ఇప్పటికీ "ఐర్లాండు వెళ్ళిపోయారా?" అని అడుగుతారు. కాదండీ, కాలిఫోర్నియాలోనూ ఒక డబ్లిన్ ఉందని చెప్పుకుంటాం. 580, 680 హైవేలు కలిసే చోట, బార్ట్ రైలు లైను చివర ఉన్న ఊరు. నగరంగా ఏర్పడింది 1982లో. లివర్‌మోర్ శివవిష్ణు దేవాలయానికి దగ్గర, ఉద్యోగాలకి కాస్త దూరం.

ఈ ఊరు మొదట్లో ఒక పనిశాల. మెక్సికో పాలనలో, 1830లలో, హోసే మరియా అమడోర్ అనే ఆయనకి ఈ లోయలో భూమి దక్కింది. పశువుల మేపుతో ఆగకుండా ఆయన ఇక్కడ సబ్బు, జీన్లు, చెప్పులు, దుప్పట్లు, బండ్లు చేయించేవాడు. చేసిన చేతులు ఇక్కడి మూలవాసులవి. చరిత్రలో నిలిచింది మాత్రం అమడోర్ పేరు. చేసేవాళ్ళకి నిజంగా ఏం కావాలన్న ప్రశ్న ఈ ఊళ్ళో కొత్తది కాదన్నమాట.

మా ఇంట్లో ఆ ప్రశ్న పోయిన వేసవిలో వచ్చింది. పదకొండో తరగతిలోకి వెళ్ళబోతున్న మా అమ్మాయి, రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, నేను ప్రింట్‌మేకింగ్ చదువుతాను" అంది. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీసే విద్య. మా ఆవిడ పెరుగు వడ్డించడం ఆపేసింది. నేను తేరుకుని, తండ్రులందరూ అడిగేదే అడిగాను: "మరి తిండి?" అది జవాబు చెప్పలేదు. నాకూ తెలియదు కనక తెలుసుకుందామని కూర్చున్నాను. తీగ లాగితే డొంక చిత్తూరు జిల్లాలో కదిలింది.

కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. లండన్‌లో స్లేడ్ స్కూలుకీ, అక్కణ్ణుంచి పారిస్‌కీ వెళ్ళారు. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ 1927లో మొదలుపెట్టిన 'అటెలియే 17' అనే పనిశాల ఉంది. పికాసో, మీరో వంటివాళ్ళు కూడా అచ్చులు తీసుకున్న చోటు. అక్కడే కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోటీ, హేటర్ కలిసి ఒక కొత్త పద్ధతికి రూపం ఇచ్చారు.

అంతకుముందు రంగుల అచ్చు అంటే సాధారణంగా రంగుకొక రేకు. వీళ్ళు ఒకే రేకు మీద అన్ని రంగులూ పూసి, ఒకేసారి అచ్చు తీశారు. కిటుకు సిరా చిక్కదనంలో ఉంది. ముందు రేకుని రకరకాల లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన సిరాని గట్టి రోలరుతో దొర్లిస్తే అది మిట్టల మీదే అంటుకుంటుంది. తరవాత నూనె తక్కువున్న చిక్కటి సిరాని మెత్తటి రోలరుతో దొర్లిస్తే, ఆ రోలరు వంగి పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద ముందే ఉన్న నూనె సిరా ఈ చిక్కటి సిరాని అంటనివ్వదు. రెండు రంగులూ పక్కపక్కనే ఉంటాయి, కలిసిపోవు. వరస తిరగేస్తే కలుస్తాయి. నూనె రాసిన పెనం మీద నీళ్ళు నిలవకపోవడం మన వంటింట్లో రోజూ చూసేదే. దాన్ని కళగా మార్చడానికి ఏళ్ళు పట్టింది.

కృష్ణారెడ్డి 1970లలో న్యూయార్కు చేరి, న్యూయార్క్ యూనివర్సిటీలో ఈ విద్య నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్కులోనే కన్నుమూశారు. ఆయన ప్రతిభని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని ఆ కనుగోలు నందనూరులో ఒంటరిగా కూర్చుంటే జరిగేది కాదు. భారీ ప్రెస్సు, ఆమ్లపు తొట్టెలు, రోలర్లు, పక్క బల్ల దగ్గర తప్పు చేస్తున్న ఇంకొకడు, ఆ తప్పుని అందరూ చూసి మాట్లాడుకునే అలవాటు, ఇవన్నీ ఉన్న చోటు కావలసి వచ్చింది.

ఇది బొమ్మలకే పరిమితం కాదు. ఈ సంచికలో మీరు చదువుతున్న అక్షరాల సంగతే తీసుకోండి. 'స్త్రీ' అన్న ఒక్క ముద్దలో స, త, ర, ఈ నాలుగూ ఉన్నాయి. ఒక ఒత్తు కిందికి దిగాలి, ఇంకొకటి దాన్ని తన్నకుండా సర్దుకోవాలి, గుడి దీర్ఘం పైన కూర్చోవాలి. ఇంగ్లీషుకి ఒక ఫాంటు చేసేవాడు పెద్ద, చిన్న అక్షరాలు గీసి అంకెల మీద పడతాడు. తెలుగుకి గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల ఆకారాలు గియ్యాలి. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే పద్ధతి తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యుల గారు 'పోతన', 'వేమన' అక్షరాలు గీసి ఉచితంగా ఇచ్చారు. 2010లలో సిలికానాంధ్ర పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన రామరాజ, మల్లన్న, ధూర్జటి, సూరన్న వంటి ఫాంట్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

రచయితలకి ఇవే పనిశాల. 1998లో 'ఈమాట' మొదలవడానికి ముందే ఎవరో పనిముట్టు తయారుచేసి ఉండాలి కదా! కథ రాసినవాళ్ళ పేరు మనకి గుర్తుంటుంది. అక్షరం గీసినవాళ్ళ పేరు ఎంతమందికి తెలుసు?

ఇక వంట. డబ్లిన్‌లో నాకు తెలిసిన ఒక పిన్నిగారి కందిపొడి తిన్నవాళ్ళు ఆవిడ్ని అమ్మమంటారు. ఆవిడకీ ఇష్టమే, భయమల్లా ప్రభుత్వం ఒప్పుకుంటుందో లేదోనని. కాలిఫోర్నియాలో 2013 జనవరి నుంచి ఇంటి వంటల చట్టం అమల్లో ఉంది. చెడిపోయే ప్రమాదం లేని పదార్థాల జాబితా ఒకటుంది. పొడులు, ఎండబెట్టిన మసాలాలు అందులోకి వస్తాయి. కౌంటీ ఆరోగ్యశాఖలో నమోదు చేసుకుని, చిన్న తరగతి పూర్తిచేసి, ఇంటి వంటింట్లో చేసినదనీ, అందులో ఏమేం వేశారో చీటీ మీద రాసి అమ్మవచ్చు. నేరుగా మాత్రమే అమ్మడానికి ఒక రకం అనుమతి, దుకాణాల ద్వారా కూడా అమ్మడానికి ఇంకో రకం. రెండోదానికి వంటిల్లు తనిఖీ చేస్తారు.

మరి ఆవకాయ? ఊరగాయలు ఆ జాబితాలో లేవు. మా అమ్మకి చెబితే నవ్వుతుంది కాని, దానికి కారణం ఉంది. పులుపు చాలకపోతే, అంటే పి.హెచ్. 4.6 దాటితే, గాలి ఆడని చోట బొటులిజం తెచ్చే సూక్ష్మజీవి పెరగవచ్చు. సీసాలో నూనె అడుగున గాలి ఆడదు. మామిడికాయ పులుపు మన నాలుకకి తెలుసు. ప్రభుత్వానికి అంకెలో చూపించాలి. అందుకని పచ్చళ్ళు అమ్మేవాళ్ళు వేరే లైసెన్సుతో, అనుమతి ఉన్న వంటశాలలో చెయ్యాలి. పిన్నిగారికి పొడుగుచేతుల పొగడ్తలు బోలెడు దొరికాయి. నమోదు కాగితం పక్కన కూర్చుని నింపిపెట్టినవాళ్ళు మాత్రం ఒక్కళ్ళూ లేరు, నాతో సహా.

అసలు సంగతి ఇక్కడే ఉందనిపిస్తుంది. కళాకారులంటే మనకి గౌరవం లేకపోలేదు. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, చప్పట్లు కొడతాం. అవి పని అయిపోయాక ఇచ్చేవి. పని జరగడానికి కావలసినవి వేరు: ఒక బల్ల, ఒక పనిముట్టు, తోటి పనివాళ్ళు, మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనిషి, వేళకి అందే న్యాయమైన రుసుము. నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా సంఘం ఉగాది ఆహ్వానపత్రం ఒక డిజైనరు అమ్మాయి చేత మూడుసార్లు మార్పించాను. "మీకిది పది నిమిషాల పనేగా" అన్నాను కూడా. చివరికి ఇచ్చింది ఒక పూలగుత్తి. ప్లంబరుని అలా అడిగే ధైర్యం నాకుందా?

'అభ్యాసం కూసు విద్య' అంటారు. అభ్యాసానికి చోటు కావాలి. అది మన పక్కనే ఉంది. పారిస్‌లో అదే అటెలియే 17లో కలుసుకున్న అర్చనా హార్స్టింగ్, యూజో నకానో 1974లో మొదలుపెట్టిన 'కళ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్' బర్‌క్లీలో నడుస్తోంది. పేరు మన మాటే. భవనం ఒకప్పటి హైంజ్ కెచప్ ఫ్యాక్టరీ. ఎవరికి వారు కొనలేని ప్రెస్సులు అందరూ పంచుకుని వాడుకునే చోటు. డబ్లిన్‌లో రైలెక్కి ఒకచోట మారితే బర్‌క్లీ చేరవచ్చు. హైస్కూలు పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు తీసుకునే వీలు కూడా ఈ రాష్ట్రంలో ఉంది. నాలుగేళ్ళ కాలేజీ ఖర్చుకి సంతకం పెట్టే ముందు, పిల్లల ఆసక్తి ఆమ్లపు వాసనకీ నల్లబడ్డ గోళ్ళకీ తట్టుకుంటుందో లేదో చూసుకోవచ్చు.

"మరి తిండి?" అన్న నా ప్రశ్నకి పూర్తి జవాబు దొరకలేదు. కృష్ణారెడ్డి గారు కూడా పాఠాలు చెప్పారు. అక్షరాలు గీసినవాళ్ళలో వేరే ఉద్యోగం మీద బతికినవాళ్ళున్నారు. రెండు పడవల ప్రయాణమే చాలామందిది. ఆ సంగతి దాచకుండా మా అమ్మాయికి చెప్పాను. ప్రశ్నని కొంచెం మార్చుకున్నాను కూడా: దీనికి తిండి ఎవరు పెడతారని కాకుండా, ఇది పని చేసుకునే బల్ల ఎక్కడుంది అని.

ప్రస్తుతానికి అది మా గరాజిలో ఉంది. నా కారు బయట ఎండలో ఉంటోంది. పిన్నిగారి నమోదు కాగితం వచ్చే శనివారం ఆ బల్ల మీదే నింపుతున్నాం.