దోమ హెచ్‌ఐవీని ఎందుకు అంటించలేదు?

భద్రాచలం ఏజెన్సీలో దోమ అంటే మలేరియా భయం. హెచ్‌ఐవీని మాత్రం దోమ అంటించలేదు. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరి, కుట్టినప్పుడు మనిషిలోకి దిగుతుంది. హెచ్‌ఐవీకి ఆ దారే లేదు. దోమ తాగిన రక్తంతో పాటే ఆ వైరస్ అరిగిపోతుంది. పైగా దోమ రక్తం పీలుస్తుందే గానీ ఎక్కించదు!

రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, రక్తం, తల్లి నుంచి బిడ్డ: వైరస్ దారులు ఇవే. కంచం పంచుకుంటే రాదు. రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలను ఈ వైరస్ నాశనం చేస్తుంది. చికిత్స లేకపోతే, కొన్నేళ్లకు క్షయలాంటి జబ్బులు చుట్టుముట్టే దశే ఎయిడ్స్. ప్రపంచంలో దాదాపు 4 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు.

భారత ప్రభుత్వం 2004 నుంచి హెచ్‌ఐవీ చికిత్సకు వాడే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, మానేస్తే మళ్లీ పెరుగుతుంది. అందుకే వాగులు పొంగి దారులు తెగకముందే అడవి గూడేలవాళ్లు మందులు తెచ్చిపెట్టుకోవాలి.