అరలో గ్రంథము, పట్టికలో శూన్యము

గ్రంథము అరలో ఉండియు కంప్యూటరు పట్టికలో దొరకకపోవుట చిన్న గ్రంథాలయములను తరచు బాధించు చిక్కు. పాఠకుడు వట్టి చేతులతో మరలిపోవును. దోషము గ్రంథపాలకునిదని తలచుట సులభము. కాని పెక్కు పర్యాయములు దాని మూలము లిపిలో నున్నది.

కంటికి కనిపించునది అక్షరరూపము. యంత్రము భద్రపరచునది సంఖ్య. పూర్వపు డి.టి.పి. ఖతులు పెక్కు రోమను అక్షరములకు చెందిన సంఖ్యలకే తెలుగు ఆకృతులను తొడిగినవి. ఆ ఖతి లేని కంప్యూటరులో పట్టికను తెరచినచో, గ్రంథనామములకు మారుగా అర్థరహితమైన రోమను వర్ణములు కనిపించును. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగునకు ప్రత్యేకస్థానము నొసగినది. అయినను పాతపద్ధతిలో ఎక్కించిన పేరును కొత్తపద్ధతిలో వెదకినచో యంత్రము ‘లేదు’ అనియే పలుకును.

మార్పిడి సాధనములు కలవు. వాటిని ప్రయోగించుటకు ముందు మూలపట్టికకు నకలు తీసి భద్రపరచవలెను. పిదప సంయుక్తాక్షరములను గ్రంథముల ముఖపత్రములతో సరిచూడవలెను.

అంతటితో శ్రమ తీరదు. ‘వెఱ్ఱి’, ‘వెర్రి’ మన కొక్కటే, యంత్రమునకు వేరు. ‘రామాయణము’, ‘రామాయణం’ అట్టివే. వెనుకటి కార్డు పట్టికలు ‘చూడుము’ అను సూచికతో ఒక రూపమునుండి మరియొక రూపమునకు దారి చూపెడివి. ఆ దారిని కంప్యూటరు పట్టికలోను వేయవలెను.

ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును ఆదా చేయుమనును. ఇందు రచయితలకును భాగము కలదు. తమ పేరును అన్ని గ్రంథములందును ఒకే వర్ణక్రమముతో ముద్రింపించుకొనుట, వ్రాతప్రతిని యూనికోడులో అందించుట వారి చేతిలోని పనులే.